మేరీగోల్డ్ హోటల్ జైపూర్‌లో లేదు: పెద్దవాళ్లతో ఖేంపూర్, ఉదయ్‌పూర్, జైపూర్

2015లో వచ్చిన ‘ది సెకండ్ బెస్ట్ ఎగ్జాటిక్ మేరీగోల్డ్ హోటల్’ కథంతా జైపూర్‌దే. రిటైరై ఇంగ్లండ్ వదిలి వచ్చిన జూడీ డెంచ్, మ్యాగీ స్మిత్, బిల్ నై పాత్రలు కాపురమున్న ఆ హోటల్ మాత్రం జైపూర్‌లో వెతికితే దొరకదు. అది ఉదయ్‌పూర్ నుంచి సుమారు 50 కి.మీ. దూరంలో, మావ్లీ వైపు ఖేంపూర్ అనే పల్లెలో ఉంది. అసలు పేరు రావ్లా ఖేంపూర్. రావ్లా అంటే ఠాకూర్ల ఇల్లు, మన తెలంగాణ ఊళ్లలో దొరల గడి లాంటిది. జైపూర్ నుంచి ఉదయ్‌పూర్‌కు రోడ్డు మీద దాదాపు 400 కి.మీ., తక్కువలో తక్కువ ఏడు గంటలు. జైపూర్‌లో దిగి, ఒక పూట వెళ్లి ఆ హోటల్ చూసొద్దామనుకుంటే ప్రయాణం మొత్తం అక్కడే చెడుతుంది. ముందు ఉదయ్‌పూర్ వైపు దిగి, జైపూర్‌ను చివరికి పెట్టుకోవాలి.

ఉదయ్‌పూర్ విమానాశ్రయం ఊళ్లో లేదు. తూర్పున 20 కి.మీ. పైన, డబోక్‌లో ఉంది. ఖేంపూర్ కూడా ఊరికి ఆ పక్కనే కాబట్టి, విమానం దిగి నేరుగా అటే వెళ్తే ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం తప్పుతుంది. రైలైతే హైదరాబాద్–జైపూర్ ఎక్స్‌ప్రెస్ చిత్తోర్‌గఢ్ మీదుగా పోతుంది. అక్కడే దిగితే కోట చూసుకుని, కారులో సుమారు 115 కి.మీ. ప్రయాణంతో ఉదయ్‌పూర్ చేరవచ్చు. ఒకటిన్నర రోజు బండి కాబట్టి కింది బెర్తు గురించి ముందే ఆలోచించాలి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది కానీ, ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరు ఉంటేనే అది వర్తిస్తుంది. నలుగురు పెద్దవాళ్లకు ఒకే టికెట్ తీస్తే ఆ కోటా పోతుంది. ఇద్దరిద్దరుగా రెండు టికెట్లు తీయండి. వయోవృద్ధుల ఛార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఖేంపూర్‌లో చూడాల్సింది ఆ కట్టడమే: మధ్యలో ముంగిలి, చుట్టూ వరండాలు, పై అంతస్తు గదులు. మార్వాడీ గుర్రాలకూ పేరున్న చోటు. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే జాతి అది. గుర్రమెక్కకపోయినా దగ్గరగా నిలబడి చూడాల్సిందే. ఇక్కడికి ఒక్క రాత్రి చాలదు, మూడు ఎక్కువ. రెండు రాత్రులుంటే పొద్దుటి పల్లె, సాయంత్రపు వెలుగు రెండూ దక్కుతాయి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి కింది అంతస్తు గది కావాలని అడగండి. ఇంత పాత ఇళ్లలో మెట్లు ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి, గడపలు ఎత్తుగా ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో, గది వేడెక్కే ఏర్పాటు ఉందో లేదో కూడా కనుక్కోండి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఆ రాతి గోడలు మన ఎముకలకు గట్టిగానే తెలుస్తాయి. పెద్ద ఆసుపత్రి అంటే ఉదయ్‌పూరే, గంటకు పైగా దూరం. కాబట్టి కారును పంపేయకుండా డ్రైవర్‌ను రాత్రి అక్కడే ఉంచుకోవాలి. అతని బస, భోజనం సంగతి ముందే తేల్చుకోండి. బీపీ, షుగరు మందులు అనుకున్న రోజులకన్నా నాలుగు రోజులవి ఎక్కువ పెట్టుకోండి.

తిండి దగ్గర మనవాళ్లు ఇబ్బంది పడేది కారంతో కాదు, అన్నం లేకపోవడంతో. దాల్ బాటీ (పప్పుతో తినే కాల్చిన గోధుమ ఉండలు), గట్టే కూర (శనగపిండి ముద్దల కూర), కేర్ సాంగ్రీ (ఎడారి కాయల కూర) రుచిగానే ఉంటాయి కానీ బాటీ నేతిలో మునిగి వస్తుంది. రాత్రి పూట పెద్దవాళ్లకు అది అరగదు, మధ్యాహ్నమే తినాలి. రాత్రికి అన్నం, పెరుగు కావాలని పొద్దున్నే వంటింట్లో చెప్పాలి. కందిపొడి సీసా ఒకటి సంచిలో ఉంటే ఆ పూట గడిచిపోతుంది.

ఉదయ్‌పూర్‌లో గది ఎంచుకోవడంలోనే సగం పొరపాట్లు జరుగుతాయి. ఫొటోల్లో మెరిసే పిఛోలా సరస్సు గదులు ఎక్కువగా లాల్ ఘాట్, గణగౌర్ ఘాట్ సందుల్లోని హవేలీలవి. ఆ సందుల్లో కారు తిరగదు. సామాను మోసుకుని నడవాలి. సరస్సు కనిపించే గది అంటే పై అంతస్తు, లిఫ్టు చాలాచోట్ల ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఫతేసాగర్ సరస్సు వైపు, కారు గుమ్మం దాకా వచ్చే హోటల్ మేలు. సిటీ ప్యాలెస్‌లో దారి ఒకే వైపు సాగుతుంది, మెట్లు ఇరుకు, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. ఓపిక సగమే ఉన్నవాళ్లను బయటి ముంగిట్లో కూర్చోబెట్టడం మంచిది. 1651లో కట్టిన జగదీశ్ ఆలయానికి 32 మెట్లున్నాయి, నిటారుగా. నాథ్‌ద్వారాలోని శ్రీనాథ్‌జీ (కృష్ణుడి) గుడి 48 కి.మీ. ఆ దారిలోనే ఏక్‌లింగ్‌జీ శివాలయం. శ్రీనాథ్‌జీకి రోజుకు ఎనిమిది దర్శనాలు, ఒక్కోటి కొద్దిసేపే, మిగతా వేళల్లో తలుపులు మూసే ఉంటాయి. ఆ రోజు వేళలు కనుక్కోకుండా బయల్దేరితే గుడి బయట గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.

జైపూర్‌లో జంతర్ మంతర్ (పాతకాలపు ఖగోళ పరిశీలనశాల) పెద్దవాళ్లకు హాయి. అంతా చదునే, మెట్లెక్కకుండానే చూడవచ్చు. నీడ తక్కువ, కానీ ఎండ లేకపోతే అక్కడి చాలా యంత్రాలు పనిచేయవు కాబట్టి పదింటికి వెళ్లడం సరైన వేళ. హవామహల్‌కు ప్రవేశం వెనక నుంచి. పై అంతస్తులకు చాలావరకు మెట్ల బదులు వాలు దారులే ఉన్నాయి, మెల్లగా ఎక్కేయొచ్చు. ఆమేర్ కోటకు నడక వద్దు, ఏనుగు వద్దు, జీపు తీసుకోండి. గైడ్‌ను ముందే మాట్లాడుకుని, దుకాణాలకు తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్పాలి. సినిమాలో డగ్లస్ (బిల్ నై పాత్ర) చెవిలో పిల్లాడు అందించే మాటలతో కోటలు చూపిస్తాడు. నిజంగా ఆమేర్ తెలిసిన గైడ్ దొరికితే ఒక గంట ఎక్కువ వెచ్చించినా తగును.

అదే సినిమాలో ఎవెలిన్‌కు (జూడీ డెంచ్ పాత్ర) 79 ఏళ్ల వయసులో బట్టల కంపెనీ ఉద్యోగం పిలిచి ఇస్తుంది. ఆ వస్త్రాల లోకం చూడాలంటే జైపూర్ బజారు కన్నా 30 కి.మీ. అవతల అచ్చు అద్దకాలు చేసే ఊరు బగ్రూ నయం. పెడన కలంకారీ తెలిసినవాళ్లకు ఇది చుట్టాలింటికి వెళ్లినట్టుంటుంది. ఇక్కడా గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచుతారు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి పులియబెడతారు. వేరుగా ఉండేది దాబూ: మట్టి, సున్నం, జిగురు కలిపిన ముద్దను అచ్చుతో అద్ది, పైన రంపపు పొట్టు చల్లి, ఆరాక నీలిమందులో ముంచుతారు. మట్టి ఉన్నచోట రంగు పట్టదు. ముద్ద పగిలిన చోట సన్నని నీలి గీతలు పడతాయి, అది లోపం కాదు. చేతి అచ్చా, స్క్రీన్ ప్రింటా అన్నది తేల్చాలంటే అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు చూడండి. గజాల పొడవునా ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకపోతే అది చేతిపని కాదు.

సినిమాలోలా అక్కడే ఉండిపోవచ్చా? భారత్‌లో రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. బ్రిటిష్ పౌరులు ఐదేళ్ల ఈ-టూరిస్ట్ వీసా తీసుకున్నా ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులకు మించి ఉండకూడదు. పైగా ఇండియాలో స్థిరపడితే బ్రిటన్ ప్రభుత్వ పింఛను ఏటా పెరగదు, మొదలైన మొత్తం దగ్గరే నిలిచిపోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్న మన తెలుగువాళ్లకు ఈ గడువు లేదు, శీతాకాలమంతా ఉండొచ్చు. అయితే విదేశీ పాస్‌పోర్టుతో దిగేవారి వివరాలను హోటల్ 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. అందుకు నమోదు చేసుకోని చిన్న గెస్ట్‌హౌస్‌లు గుమ్మం దాకా వచ్చాక గది లేదంటాయి. అమెరికా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గది తీసేటప్పుడు, అడ్వాన్సు కట్టకముందే ఈ ఒక్క మాట అడగండి.