మనీ ఇన్ ద బ్యాంక్ 2011: సగం మార్కులు జాన్ సీనావే

డబ్ల్యూడబ్ల్యూఈ అనే రెజ్లింగ్ కంపెనీ షోల్లో నేను మళ్లీ మళ్లీ చూసేవి కొన్నే, వాటిలో మనీ ఇన్ ద బ్యాంక్ 2011 మొదటిది. మొన్న మళ్లీ పెట్టుకుని మొదటి మ్యాచ్ నుంచి ఆఖరి క్షణం దాకా ఎక్కడా దాటేయకుండా చూశాను. ఈ షో పేరు ఎత్తితే చాలు అందరూ సీఎం పంక్ గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. కానీ ఆ మెయిన్ ఈవెంట్ అంతగా పండటానికి జాన్ సీనా ఎంత కారణమో చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ విషయం చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది.

కథ తెలియనివాళ్ల కోసం. 2011 జూన్ 27న రా అనే వారం వారం వచ్చే టీవీ షో చివర్లో పంక్ స్టేజ్ మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, మైకు పట్టుకుని, సీనా మీదా కంపెనీ మీదా దాని అధిపతి విన్స్ మెక్‌మాన్ మీదా కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అభిమానులు పైప్ బాంబ్ అని పిలిచే ప్రసంగం అదే. జూలై 17తో తన కాంట్రాక్ట్ అయిపోతుందని, ఆ రాత్రే సీనా దగ్గరున్న ఛాంపియన్ టైటిల్ గెలిచి దాని బెల్ట్‌తో సహా వెళ్లిపోతానని పంతం పట్టాడు. ఆ రాత్రి షో జరిగింది షికాగో పక్కనే ఉన్న రోజ్‌మాంట్‌లో, ఆల్‌స్టేట్ అరీనాలో, అంటే పంక్ సొంతగడ్డ మీద. దానికి తోడు సీనా ఓడిపోతే ఉద్యోగం ఊడుతుందని విన్స్ షరతు. గెలుపోటములు ముందే రాసుకునే ఆటలో కూడా ఏం జరుగుతుందో అని గుండె కొట్టుకునేలా చేయడం చిన్న విషయం కాదు.

మొదలే స్మాక్‌డౌన్ (కంపెనీ మరో టీవీ షో) వాళ్ల నిచ్చెన మ్యాచ్. ఎనిమిది మంది, పైన వేలాడే బ్రీఫ్‌కేస్, నిచ్చెనెక్కి దాన్ని తీసినవాడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఛాంపియన్‌తో టైటిల్ మ్యాచ్ ఆడే హక్కు. షేమస్ సిన్ కారాని ఎత్తి నిచ్చెన మీదికి పవర్‌బాంబ్ వేసినప్పుడు నిచ్చెన రెండుగా విరిగింది, అది ఇప్పటికీ కళ్లు మూసుకునే చూస్తాను. డేనియల్ బ్రయాన్ గెలిచినప్పుడు అరీనా లేచి నిలబడింది. అప్పటికి అతన్ని కంపెనీ పెద్ద స్టార్‌గా చూడలేదు, కానీ షికాగో జనం చూశారు. అదే ఏడు డిసెంబర్ 18న టీఎల్‌సీ షోలో బిగ్ షో మీద ఆ బ్రీఫ్‌కేస్ వాడి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. రెజిల్‌మేనియా 30 దాకా సాగిన అతని ప్రయాణానికి పునాది ఇక్కడే పడిందని నేను గట్టిగా నమ్ముతాను.

కెల్లీ కెల్లీ, బ్రీ బెల్లా మ్యాచ్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే వాళ్లకు ఇచ్చిందే ఐదు నిమిషాలు. ఆ రోజుల్లో ఆడవాళ్ల మ్యాచ్‌లంటే కంపెనీకి ఉన్న చులకన ఇప్పుడు చూస్తే ఇంకా బాధగా ఉంటుంది. మార్క్ హెన్రీ, బిగ్ షో మ్యాచ్ కూడా చిన్నదే కానీ పని జరిగింది. గెలిచాక బిగ్ షో కాలికి కుర్చీ తగిలించి దాని మీద దూకాడే, అక్కడ హెన్రీ నిజంగా భయపెట్టే మనిషి అయ్యాడు. సెప్టెంబర్‌లో రాండీ ఆర్టన్‌ని ఓడించి బెల్ట్ గెలిస్తే ఎవరికీ వింతగా అనిపించలేదంటే దానికి కారణం ఇలాంటి రాత్రులే.

రా వాళ్ల నిచ్చెన మ్యాచ్ నాకు కొంచెం తక్కువ నచ్చింది. ఎవాన్ బోర్న్ నిచ్చెన మీంచి గాల్లో పల్టీ కొట్టి మీద పడిన షూటింగ్ స్టార్ ప్రెస్ అద్భుతం, చివర్లో ఆల్బెర్టో డెల్ రియో రే మిస్టీరియో మాస్క్ లాగేసి బ్రీఫ్‌కేస్ గెలవడం పక్కా హీల్ (విలన్) పని. కానీ ఒకే రాత్రి ఒకే రకం మ్యాచ్ రెండుసార్లు పెడితే రెండోదానికి ఊపు తగ్గుతుంది. క్రిస్టియన్, ఆర్టన్ మ్యాచ్ మాత్రం కథగా చాలా తెలివైనది. ఆర్టన్ డిస్‌క్వాలిఫై అయితే టైటిల్ పోతుందన్న షరతు ఉంది కదా, క్రిస్టియన్ ముఖాన ఉమ్మేశాడు, ఆర్టన్ కోపం ఆపుకోలేక పొత్తికడుపు కింద తన్నాడు, బెల్ట్ పోయింది. ఇద్దరి స్వభావాలూ ఆ ఒక్క క్షణంలో బయటపడ్డాయి.

ఇక అసలు మ్యాచ్. 33 నిమిషాలు దాటి సాగింది. రెజ్లింగ్ విమర్శకుడు డేవ్ మెల్ట్జర్ 5 స్టార్లు ఇచ్చాడు, డబ్ల్యూడబ్ల్యూఈ మ్యాచ్‌కి ఆయన అలా ఇవ్వడం 1997లో షాన్ మైకేల్స్, అండర్‌టేకర్ ఆడిన హెల్ ఇన్ ఎ సెల్ (పంజరం) మ్యాచ్ తర్వాత అదే మొదటిసారి. మూవ్స్ పరంగా చూస్తే ఇంతకంటే శుభ్రంగా ఆడిన మ్యాచ్‌లు చాలా ఉన్నాయి, అక్కడక్కడా ఇద్దరూ తడబడ్డారు కూడా. నాకు అది లోపంగా తోచలేదు. సీనా నడిచొస్తుంటే పుట్టిన ఆ అరుపులు, గెలుపుకి మూడు లెక్కపెట్టే రిఫరీ రెండు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ జనం ఊపిరి బిగబట్టడం, సీనా భుజాల మీదికెత్తి పడేసే యాటిట్యూడ్ అడ్జస్ట్‌మెంట్ నుంచి పంక్ లేచిన ప్రతిసారీ పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉండటం, ఇవి ఏ మూవ్ వల్లా రావు.

సీనా సంగతికి వస్తాను. పదిమందీ తిడుతుంటే మామూలుగా ఏ హీరో అయినా నవ్వుతూ జనాన్ని బుజ్జగించడానికి చూస్తాడు. సీనా ఆ పని చేయలేదు. ముఖం బిగించి, ఆ ద్వేషాన్ని అంతా మోస్తూ, తన ఉద్యోగం కోసం పోరాడే మనిషిలాగే ఆడాడు. చివర్లో విన్స్, కంపెనీ అధికారి జాన్ లారినైటిస్ బయటికొచ్చారు. కాలూ మెడా బిగించే సీనా ఎస్‌టీఎఫ్ పట్టులో పంక్ ఉన్నాడు, పంక్ ఓడిపోయినట్టు ఒప్పుకోకుండానే బెల్ కొట్టమని విన్స్ సైగ చేశాడు. 1997 సర్వైవర్ సిరీస్‌లో మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌ని విన్స్ ఇలాగే బెల్ కొట్టించి ఓడించిన అన్యాయం గుర్తున్నవాళ్లకి ఆ సైగ చూడగానే కడుపులో దేవినట్టు అయి ఉంటుంది. అప్పుడు సీనా పట్టు వదిలేశాడు. రింగ్ దిగి, బెల్ దగ్గరికి పరిగెత్తిన లారినైటిస్‌ని ఒక్క గుద్దు గుద్దాడు, ఇలా గెలవడం నాకొద్దని విన్స్‌కి ముఖం మీదే చెప్పినట్టు. తిరిగి రింగ్‌లోకి రాగానే పంక్ తన జీటీఎస్ (భుజాల మీంచి దించుతూ మోకాలితో ముఖాన కొట్టే దెబ్బ) వేశాడు, ఒకటి, రెండు, మూడు, అయిపోయింది.

ఎవరైతే తనని రాత్రంతా తిట్టారో వాళ్ల హీరోకే న్యాయం జరగాలని నిలబడి, ఆ నిలబడటం వల్లే ఓడిపోయాడు. సీనా మోసంతో గెలిచినా, పంక్ సీనాని మామూలుగా ఓడించేసినా ఈ ముగింపుకి ఇంత బరువు వచ్చేది కాదు. పంక్ గొప్పవాడని ఒప్పించింది పంక్ మాటలే, కానీ ఆ గెలుపు గొప్పదని ఒప్పించింది సీనా.

విన్స్ వెంటనే డెల్ రియోని పిలిచాడు, బ్రీఫ్‌కేస్ వాడమని. పంక్ అతన్ని తల మీద ఒక్క తన్ను తన్ని, బెల్ట్ పట్టుకుని బారికేడ్ దూకి జనంలోకి వెళ్లి, విన్స్‌కి గాల్లో ముద్దు విసిరి మాయమైపోయాడు.

నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీదే. జూలై 25న, అంటే ఎనిమిది రోజులకే, పంక్ వెళ్లిపోవడంతో ఖాళీ అయిన టైటిల్‌ని రే మిస్టీరియో గెలవడం, అదే రాత్రి ఉద్యోగం ఊడకుండా మిగిలిన సీనా అతన్ని ఓడించడం, వెంటనే పంక్ తిరిగి వచ్చేయడం, అన్నీ ఒకే ఎపిసోడ్‌లో అయిపోయాయి. బెల్ట్ పట్టుకుని వెళ్లిపోయిన మనిషి కనీసం రెండు నెలలు కనిపించకుండా ఉండాల్సింది. ఆగస్ట్‌లో సమ్మర్‌స్లామ్‌లో పంక్ మళ్లీ సీనాని ఓడించినా, పాత స్టార్ కెవిన్ నాష్ వచ్చి పంక్‌ని కొట్టడం, డెల్ రియో బ్రీఫ్‌కేస్ వాడటంతో కథ పూర్తిగా వేరే దారి పట్టింది. ఇంత మంచి కథని ఇంత తొందరగా ఖర్చు పెట్టేశారు.

మొదటిసారి చూసేవాళ్లు ముందు జూన్ 27 పైప్ బాంబ్ చూడండి, తర్వాత షో మొత్తం, టైమ్ లేకపోతే రెండో నిచ్చెన మ్యాచ్ వదిలేయండి. మెయిన్ ఈవెంట్‌లో మాత్రం విన్స్ సైగ చేసినప్పటి నుంచి పంక్ మీంచి చూపు తీసి సీనా ముఖం చూడండి.