వాగ్దాన కార్డుల పెట్టె: ఆదరణకు సరే, నిర్ణయాలకు కాదు

క్రైస్తవ పుస్తకాల షాపుల్లో దొరికే ఈ చిన్న పెట్టెలో కార్డుకో బైబిలు వచనం ఉంటుంది. ఉదయం ఒకటి తీసి, కంఠతా పట్టి, ప్రార్థించుకోవడానికి చక్కగా పనికొస్తుంది. వీసా ఆగినప్పుడో, కుదిరిన సంబంధం తప్పిపోయినప్పుడో దేవుని చిత్తం కోసం కార్డు తీస్తేనే చిక్కు. నచ్చిన వచనం వచ్చేదాకా చెయ్యి పెట్టెలోనే ఉంటుంది.

దేవుడు తన ప్రజలకు మేలునే ఉద్దేశించాడని చెప్పే యిర్మీయా 29:11 అందరికీ ఇష్టమైన కార్డు. దాని పై వచనంలోని 70 ఏళ్ల బబులోను చెర (యూదులు అక్కడ బందీలుగా గడపాల్సిన కాలం) మాత్రం కార్డులో ఉండదు. అందుకే రెఫరెన్సు (అధ్యాయం, వచనం సంఖ్య) ముద్రించని పెట్టె కొనకండి. కార్డు తీశాక ఆ అధ్యాయమంతా చదవండి.

ఆటంకాల సంగతి తెలియాలంటే అపొస్తలుల కార్యములు 16:6-10 చూడాలి. అపొస్తలుడైన పౌలు బృందాన్ని పరిశుద్ధాత్మ ఆసియలో (నాటి రోమా రాష్ట్రం, ఖండం కాదు) వాక్యం చెప్పనివ్వలేదు, పక్కనున్న బితూనియకు వెళ్లనివ్వలేదు. అయినా ఆ బృందం ఆగిపోలేదు, త్రోయ రేవుకు వెళ్లింది. మాసిదోనియకు వచ్చి సాయం చేయమని ఒకడు వేడుకునే దర్శనం పౌలుకే వచ్చింది; అక్కడికి బయలుదేరాలన్న నిశ్చయం మాత్రం అందరూ కలిసి చేసుకున్నదే. పిలుపు నిజమైనదే, అయినా మాసిదోనియలోని ఫిలిప్పీలో దెబ్బలూ చెరసాలా తప్పలేదు. కాబట్టి అడ్డు రాగానే "ఇది దేవుని చిత్తం కాదు" అనేయడం తొందరపాటు. ముఖం చూసి మాట్లాడని ఇద్దరు సంఘ పెద్దలను అడగండి. ఆ పని ఏ కార్డూ చేయదు.