పాత ఆల్టోకు 82 డిగ్రీల థర్మోస్టాట్: సమీక్ష

ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌లోకి పోకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. మన ఎండలకు అది అక్కర్లేదని చెప్పి దాన్ని ఊడదీసి పక్కన పడేసే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. నేను సెకండ్ హ్యాండులో తీసుకున్న మారుతి ఆల్టోకు కూడా అంతకుముందే ఎవరో ఆ పని చేసి ఉన్నారు. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతున్నప్పుడు టెంపరేచర్ ముల్లు కాస్త పైకి లేచేది; విజయవాడ హైవే ఎక్కి వేగం అందుకోగానే మళ్లీ అడుగుకు జారేది. దారి మూసే వాల్వ్ లేకపోతే కూలెంట్ ఎంత చల్లగా ఉన్నా రేడియేటర్‌లోకి పోతూనే ఉంటుంది, ఎదురుగాలి ఆ ఉన్న కాస్త వేడినీ లాగేస్తుంది.

చలికాలంలో లంబసింగి వైపు వెళ్లేవారికి హీటర్ పనిచేయకపోవడమే పెద్ద ఇబ్బందిగా తోచవచ్చు గానీ, అసలు నష్టం ఇంజిన్ లోపల జరుగుతుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా పంపుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోక ఆయిల్ పోసేచోటి మూత అడుగున తెల్లటి మీగడలా పేరుకుంటుంది.

ఇందుకు కొన్నది మారుతి జెన్యూన్ పార్ట్స్ థర్మోస్టాట్, దాని అంచు మీద 82 అని ముద్రించి ఉంది. లోపలి మైనం ఆ వేడికి కరిగి వ్యాకోచించి వాల్వును నెడుతుంది. చల్లబడితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, దారంతో దీన్ని అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి చూశాను. 82 దాటుతుండగా కదలడం మొదలై, నీళ్లు మరిగేలోపే పూర్తిగా తెరుచుకుంది. పోల్చి చూద్దామని తెచ్చిన పేరు లేని చవక రకం మాత్రం మరిగే నీళ్లలోనూ సగమే తెరుచుకుంది. అలాంటిది బిగిస్తే చల్లదనం పోయి ఇంజిన్ మాడిపోయే ప్రమాదం వస్తుంది కనుక, ఆ కొద్ది రూపాయల ఆదా నాకు అర్థం లేనిదనిపించింది.

బిగించడం కష్టమేమీ కాదు గానీ తొందర పనికిరాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాతే రేడియేటర్ మూత తీయాలి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్ వైపుకు తిరగాలి, గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండాలి, పాత గాస్కెట్ (కూలెంట్ కారకుండా అతుకులో వేసే పొర) అవశేషాలను గీకేసి కొత్తది వేయాలి. కూలెంట్ నింపాక గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్‌ను నడిపించాలి.

ఇప్పుడు ముల్లు హైవే మీదా ఊళ్లోనూ మధ్యకు కాస్త కిందనే నిలకడగా ఉంటోంది, పొద్దున బండి వేడెక్కడానికి ఇదివరకటంత సేపు పట్టడం లేదు. మైలేజీ మెరుగైనట్టే ఉంది, అయితే ట్రాఫిక్ రోజుకో రకంగా ఉంటుంది కనుక అంకె చెప్పను.

ఇంకా వేడి కావాలని కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ డిగ్రీల వాల్వ్ వేయడాన్ని గానీ, రేడియేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టడాన్ని గానీ నేను సమర్థించను. మే నెలలో హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆ రెండూ బెడిసికొడతాయి. మంచి థర్మోస్టాట్ వేసినా ముల్లు లేవకపోతే, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందేమో, సెన్సార్ తప్పుగా చూపుతోందేమో పరీక్షించాలి.