డిపెండెన్సీస్: ఏ డీఎల్ఎల్ దొరకలేదో పేరు పెట్టి చెప్పే టూల్

విండోస్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్లు (సీ, సీ++ లాంటి భాషల్లో రాసి పైథాన్‌లోకి ఇంపోర్ట్ చేసుకునే మాడ్యూల్స్) కంపైల్ చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. బిల్డ్ చక్కగా అయిపోతుంది, పీవైడీ ఫైలు (కంపైల్ అయిన ఎక్స్‌టెన్షన్) కళ్లెదుటే ఉంటుంది, ఇంపోర్ట్ కొట్టగానే మాత్రం "డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్... ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బీ ఫౌండ్" అంటుంది. చాలాసార్లు దొరకనిది ఆ పీవైడీ కాదు, దానికి కావాల్సిన ఇంకో డీఎల్ఎల్, అంటే ప్రోగ్రాములు లోడ్ చేసుకుని వాడే లైబ్రరీ ఫైలు. దాని పేరు ఆ మెసేజ్‌లో ఎక్కడా ఉండదు. ఆ పేరు చెప్పే టూలే డిపెండెన్సీస్. కొత్త మెషీన్‌లో కంపైలర్ తర్వాత నేను వెంటనే పెట్టుకునేది ఇదే.

పూర్వం ఈ పనికి డిపెండెన్సీ వాకర్ వాడేవాళ్లం. అది 2006 ప్రాంతంలో ఆగిపోయింది. తర్వాత విండోస్ 7తో ఏపీఐ సెట్లు వచ్చాయి. అవి నిజంగా డిస్క్‌లో వెతకాల్సిన ఫైళ్లు కావు, అసలు డీఎల్ఎల్‌లకు దారి చూపే మారుపేర్లు. పాత టూల్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి వాటన్నిటినీ మిస్సింగ్ అని పరిచేస్తుంది. నిజంగా లేని ఆ ఒక్క ఫైలూ ఆ గుంపులో కలిసిపోతుంది. డిపెండెన్సీస్ దాన్నే సీ షార్ప్‌లో కొత్తగా రాసిన ఓపెన్ సోర్స్ టూల్, ఏపీఐ సెట్లు దీనికి అర్థమవుతాయి. జిప్ విప్పి నడిపితే చాలు.

విండోలో చెట్టులా చూపిస్తుంది గానీ నాకు కమాండ్ లైనే ఇష్టం. మాడ్యూల్స్ అనే ఆప్షన్ ఇచ్చి పీవైడీ పేరు కొడితే ఒక్కో డీఎల్ఎల్‌కీ ఒక్కో లైను వస్తుంది. లైను మొదట్లో బ్రాకెట్లలో అది ఎక్కడ దొరికిందో ఉంటుంది: వెల్ నోన్ డీఎల్ఎల్స్, అప్లికేషన్ డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్, నాట్ ఫౌండ్... అందరూ నాట్ ఫౌండ్ కోసమే చూస్తారు. నేను ముందు చూసేది ఎన్విరాన్‌మెంట్ అని ఉన్న లైన్లు. అంటే ఆ ఫైలు పాత్ వేరియబుల్ (విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) ద్వారా దొరికిందన్నమాట. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి ఎక్స్‌టెన్షన్లకి కావాల్సిన డీఎల్ఎల్‌ల కోసం పాత్‌లో వెతకడం మానేశారు. పీవైడీ ఉన్న ఫోల్డరు, పైథాన్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డరు, సిస్టమ్ ఫోల్డరు, యాడ్ డీఎల్ఎల్ డైరెక్టరీ ఫంక్షన్‌తో మనం కలిపిన ఫోల్డర్లు, వీటిలోనే చూస్తుంది. కాబట్టి ఈ టూల్ దొరికిందన్నది పైథాన్‌కి దొరక్కపోవచ్చు. "డిపెండెన్సీస్ అన్నీ ఉన్నాయంటోంది, ఇంపోర్ట్ మాత్రం పడిపోతోంది" అనేవాళ్లు ముందు ఆ బ్రాకెట్లు చదవాలి.

దీనికి రివర్స్‌లో జరిగేదీ ఉంది. పైథాన్ సొంత డీఎల్ఎల్ అయిన పైథాన్311ని నాట్ ఫౌండ్ అని చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఇంపోర్ట్ జరిగే సమయానికి పైథాన్ దాన్ని ఎప్పుడో లోడ్ చేసుకునే ఉంటుంది. టూల్‌కి ఆ సంగతి తెలిసే వీల్లేదు.

పేరు తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. ఎంఎస్‌వీసీపీ140డీ (మైక్రోసాఫ్ట్ సీ++ లైబ్రరీ) కనిపించిందంటే, చివరి ఆ డీ అక్షరం డీబగ్ బిల్డ్‌కి గుర్తు. విజువల్ స్టూడియో లేని మెషీన్‌లో ఆ ఫైలు ఉండదు, రిలీజ్‌లో మళ్లీ బిల్డ్ చేయాలి. లిబ్‌జీసీసీ, లిబ్‌విన్‌పీథ్రెడ్ లాంటివి వస్తే మింగ్‌డబ్ల్యూతో (విండోస్‌కి జీసీసీ కంపైలర్) కంపైల్ అయిందని అర్థం, వాటిని పీవైడీ పక్కన పెట్టాలి, లేదా స్టాటిక్‌గా లింక్ చేసుకోవాలి (అంటే పీవైడీలోనే కలిపేయాలి). వీసీరన్‌టైమ్140_1 ఒక్కటే లేకపోతే విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ (ఆ డీఎల్ఎల్‌లను ఇన్‌స్టాల్ చేసే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీ) పాతదై ఉంటుంది.

ఎర్రర్ నంబరు 193 అయితే మాత్రం ఈ వెతుకులాట అనవసరం. 32 బిట్, 64 బిట్ కలిసిపోయాయేమో చూసుకోండి.

లోపాలు లేకపోలేదు. పెద్ద లైబ్రరీలు తెరిస్తే చెట్టు కట్టడానికి బాగా టైమ్ తీసుకుంటుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా లోడ్‌లైబ్రరీ ఫంక్షన్‌తో పిలిచే డీఎల్ఎల్‌లు దీనికి కనిపించవు, ఎందుకంటే ఇది చదివేది ఫైల్లోని ఇంపోర్ట్ టేబుల్‌ని, అంటే ముందే రాసి ఉన్న డీఎల్ఎల్‌ల జాబితాని. అలాంటప్పుడు ప్రాసెస్ మానిటర్ (ప్రోగ్రాములు ఏ ఫైళ్ల కోసం వెతుకుతున్నాయో చూపే మైక్రోసాఫ్ట్ టూల్) తెరిచి, పైథాన్ ప్రాసెస్‌కి ఫిల్టర్ పెట్టి, నేమ్ నాట్ ఫౌండ్ అని వచ్చే లైన్లు చూడాల్సిందే. విజువల్ స్టూడియోతో వచ్చే డంప్‌బిన్ కూడా ఉంది గానీ అది ఆ ఒక్క ఫైలుకి నేరుగా కావాల్సినవే చెప్తుంది. మన ఫైలు అడిగిన డీఎల్ఎల్ ఉండి, అది అడిగింది లేనప్పుడు డంప్‌బిన్‌తో ఒక్కోదాన్నీ విడిగా తవ్వుకుంటూ పోవాలి. నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఆ రెండో మెట్టు సమస్యే, డిపెండెన్సీస్ విలువ తెలిసేదీ అక్కడే.

ఇంకొకరికి వీల్ (పిప్‌తో ఇన్‌స్టాల్ చేసే పైథాన్ ప్యాకేజీ ఫైలు) ఇవ్వాలంటే డెల్వ్‌వీల్ అనే టూల్‌తో రిపేర్ చేసి, కావాల్సిన డీఎల్ఎల్‌లు లోపలే సర్దేయండి. ఆ తర్వాత పీవైడీని డిపెండెన్సీస్‌లో తెరిస్తే మళ్లీ నాట్ ఫౌండ్ అనొచ్చు. డెల్వ్‌వీల్ వాటిని విడి ఫోల్డర్లో పెడుతుంది, ప్యాకేజీ ఇంపోర్ట్ అయినప్పుడే ఆ దారి కలుస్తుంది. ఆ ఫోల్డర్ని టూల్ సెర్చ్ ఫోల్డర్లలో చేర్చి ఇంకోసారి చూడండి.