విదేశాల్లో వలంటీరింగ్, ఇంటర్న్‌షిప్ అని పైసలు కట్టే ముందు ఇది చదవండి – హనుమకొండలో మాకు జరిగింది

హనుమకొండ, వరంగల్, కాజీపేట, పరకాల వైపు వాళ్లందరికీ చెప్తున్నా. కాలేజీల ముందు, కోచింగ్ సెంటర్ల గోడల మీద "ఫారిన్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్‌తో సహా, పూర్తి సపోర్ట్ మాదే" అని పోస్టర్లు కనిపిస్తున్నాయి కదా, అలాంటి ఒక ఆఫీసుకు మేము 1,72,000 రూపాయలు కట్టి మోసపోయాం. కేసు వేశాం కాబట్టి ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు చెప్పినా లాభం ఉండదేమో, మేము చివరిసారి వెళ్లేసరికే బోర్డు మార్చేశారు. పేరు కంటే వాళ్లు ఎలా చేస్తారో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

మా చెల్లె ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతోంది. పిల్లలతో పనిచేయాలని దాని కోరిక. వాళ్ల క్లాస్‌మేట్ ద్వారా ఈ ఆఫీసు తెలిసింది. థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ అనే ఊళ్లో స్కూలు పిల్లలకు ఇంగ్లిష్ నేర్పాలి, ఎనిమిది వారాలు, ఉండటం తినడం వాళ్లే చూసుకుంటారు, ఎయిర్‌పోర్టులో పికప్ ఉంటుంది, అక్కడ కోఆర్డినేటర్ ఉంటాడు, 24 గంటల హెల్ప్‌లైన్, ఇన్సూరెన్స్, వెనక్కి వచ్చాక ఫీల్డ్ వర్క్ కింద లెక్కేసుకునే సర్టిఫికెట్. నేనూ వెళ్లి కూర్చుని విన్నా. గోడ మీద ఫ్రేమ్ కట్టిన లైసెన్స్ ఉంది, అది చూసే నమ్మినా. తర్వాత తెలిసింది, అది మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్, కిరాణా కొట్టుకైనా టైలర్ షాపుకైనా ఇచ్చేది అదే.

మొదట 15 వేలు రిజిస్ట్రేషన్, తర్వాత 60 వేలు, టికెట్ చేతికి వచ్చే ముందు 97 వేలు. మూడుసార్లూ ఫోన్‌పేలోనే, కంపెనీ ఖాతాకు కాదు, ఒక మనిషి పేరున్న ఖాతాకు. అమ్మ గొలుసు మీద గోల్డ్ లోన్ తీసి కట్టాం. రసీదు అడిగితే ఒక చిన్న కాగితం ఇచ్చారు. దాని మీద "కన్సల్టెన్సీ చార్జీలు" అని ఒక్క లైన్, కింద స్టాంపు, అంతే. జీఎస్టీ నంబర్ లేదు, ఏ స్కూలు, ఎన్ని రోజులు, ఏం ఇస్తారు అన్నది ఒక్క ముక్క లేదు. నోటితో చెప్పినవన్నీ గాల్లోనే ఉండిపోయాయని ఆ రోజు నాకు తట్టలేదు.

ఏప్రిల్ 6న పంపించారు. తేదీ గుర్తుపెట్టుకోండి, అసలు మోసం అందులోనే ఉంది. థాయ్‌లాండ్‌లో బడులకు పెద్ద సెలవులు మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా ఉంటాయి, మనకు ఎండాకాలం సెలవులు ఉన్నట్టే. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా వాళ్ల కొత్త సంవత్సరం పండగ సాంగ్‌క్రాన్, ఆ రోజుల్లో ఆఫీసులు కూడా మూసే ఉంటాయి. అంటే మా చెల్లె పాఠాలు చెప్పాల్సిన ఎనిమిది వారాల్లో ఐదు వారాలకు పైగా బడికి తాళమే. ఈ ప్లేస్‌మెంట్లు నిజంగా నడిపేవాళ్లెవరికైనా ఇది మొదటి రోజే తెలుస్తుంది.

రాత్రి ఎనిమిదిన్నరకు చియాంగ్ మాయ్‌లో దిగింది. పికప్ లేదు. కోఆర్డినేటర్ అని ఇచ్చిన నంబర్‌కు చేస్తే ఎవరూ ఎత్తలేదు. 24 గంటల హెల్ప్‌లైన్ అని ఇచ్చింది మళ్లీ హనుమకొండ ఆఫీసు రిసెప్షన్ నంబరే, అది సాయంత్రం ఏడు తర్వాత స్విచాఫ్. అక్కడ పదకొండు, మనకు తొమ్మిదిన్నర, అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఎవ్వరూ రాలేదు, ఇక్కడ షాపులు మూసేస్తున్నరు" అంది. దాని గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంటది. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒక ఆమె టాక్సీ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి, అడ్రస్ డ్రైవర్‌కు చూపించి ఎక్కించింది. హాస్టల్‌కు వెళ్తే బుకింగ్ రెండు రాత్రులకే ఉంది.

రెండు రోజుల తర్వాత కోఆర్డినేటర్ మెసేజ్ పెట్టాడు, స్కూలు సెలవులు కాబట్టి అనాథ పిల్లల హోమ్‌కు వెళ్లమని. వెళ్లింది. అక్కడ దీన్ని ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు, పోలీస్ క్లియరెన్స్ అడగలేదు, ఏం చదివావని కూడా అడగలేదు. గేటు తీసి పిల్లల దగ్గర కూర్చోబెట్టారు. మూడు నాలుగేళ్ల పిల్లలు పరిచయం లేని మనిషిని చూడగానే వచ్చి మెడకు చుట్టుకుంటున్నారట. ఫొటోలు చూసేవాళ్లకు అది ముద్దుగానే ఉంటుంది, కానీ మా చెల్లె చదివే చదువే అది కాబట్టి దానికి భయం వేసింది. వారానికొకరు వచ్చి ఎత్తుకుని వెళ్లిపోతుంటే ఆ పిల్లల మనసు ఏమవుతుంది? యూనిసెఫ్ లాంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నది ఇదే, ఇలాంటి హోమ్‌లలో ఉన్న చాలామంది పిల్లలకు తల్లో తండ్రో ఉంటారని, బయటి దేశాల వలంటీర్లు తెచ్చే డబ్బు కోసం పిల్లల్ని హోమ్‌లలో పెట్టే పరిస్థితి వస్తుందని. మూడో రోజు నుంచి అది వెళ్లడం మానేసింది. ఈ విషయంలో నాకు దాని మీద చాలా గౌరవం.

ఇంకో పెద్ద తప్పు వీసా. మా చెల్లె వెళ్లినప్పుడు మనవాళ్లు థాయ్‌లాండ్‌కు టూరిస్టులుగా వీసా లేకుండా వెళ్లే వీలుండేది. వీళ్లు దాన్నే వాడుకున్నారు. ఇమ్మిగ్రేషన్‌లో అడిగితే టూర్‌కు వచ్చానని చెప్పు అని నేర్పించి పంపారు. కానీ అక్కడ వలంటీర్‌గా పనిచేయాలన్నా దానికి వేరే వీసా ఉంది, నాన్ ఇమిగ్రెంట్ ఓ అంటారు, దాంతోపాటు వర్క్ పర్మిట్ కూడా కావాలి. జీతం లేదు కాబట్టి పని కాదు అనుకుంటే కుదరదు. పర్మిట్ లేకుండా దొరికితే 5,000 నుంచి 50,000 బాత్ (వాళ్ల కరెన్సీ) దాకా జరిమానా, పైగా దేశం నుంచి పంపించేస్తారు. ఆ ముద్ర పడేది మన పిల్లల పాస్‌పోర్ట్ మీద, ఏజెంట్ మీద కాదు. ఎవరైనా మీ బిడ్డకు ఆఫీసర్ ముందు అబద్ధం చెప్పమని నేర్పిస్తున్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఆ నెలల్లో చియాంగ్ మాయ్ చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్మేస్తుంది. ప్రతి ఏటా ఉండేదే. మా చెల్లెకు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, ఆ సంగతి దరఖాస్తులో రాశాం కూడా, ఒక్కరూ పొగ గురించి చెప్పలేదు. ఏప్రిల్ 22 రాత్రి ఊపిరి అందక హాస్పిటల్‌కు వెళ్లింది. కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అడిగారు. ఆఫీసువాళ్లు పంపిన పీడీఎఫ్ ఫోన్‌లో తీసి చూపించింది. నేనూ ఇక్కడ అదే పీడీఎఫ్ తెరిచి చూశా. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో దాని పేరు, పాస్‌పోర్ట్ నంబర్, కంపెనీ లోగో అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పేజీలో చిన్న డబ్బాలో పాలసీ తేదీలు. ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 20. పదిహేను రోజులు! ఎనిమిది వారాలకు పంపి పదిహేను రోజుల పాలసీ తీశారు. అంతకుముందే ఉన్న జబ్బులకు వర్తించదని దాని కింద ఇంకో లైన్. బిల్లు 11,400 బాత్ అయింది, మన లెక్కలో 29 వేల దాకా. మా దోస్తు కార్డుతో కట్టించినా.

అప్పుడు అమ్మ పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. థాయ్‌లాండ్ అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది మయన్మార్ సంగతే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని బ్యాంకాక్ తీసుకెళ్లి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పజెప్తున్నారని విదేశాంగ శాఖ 2022 నుంచీ హెచ్చరిస్తూనే ఉంది. 2025 మార్చిలో వందల మందిని వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు, అందులో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మా చెల్లె కేసు అంత దూరం పోలేదు, దేవుడి దయ. కానీ ముక్కూ మొహం తెలియని కోఆర్డినేటర్ చెప్పిన చోటికల్లా వెళ్లడం ఎంత ప్రమాదమో ఆ వారంలో అర్థమైంది. కొత్త టికెట్ కొని ఏప్రిల్ 27న వెనక్కి రప్పించుకున్నాం.

ఆఫీసుకు వెళ్లి అడిగితే, మీ అమ్మాయే మధ్యలో వచ్చేసింది కాబట్టి రీఫండ్ రాదన్నారు. గట్టిగా అడిగాక 40 వేలు ఇస్తాం, ఇక ఏ ఫిర్యాదూ చేయమని ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. పెట్టలేదు. చెల్లె పేరు మీద ఎనిమిది వారాలూ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ మాత్రం ముందే ప్రింట్ చేసి పెట్టారు! దాని కాలేజీలో అడిగితే, యూనివర్సిటీతో ఒప్పందం లేని చోట చేసింది ఫీల్డ్ వర్క్ కింద లెక్కకు రాదన్నారు. ఈ ఒక్క ప్రశ్న జనవరిలోనే హెచ్‌ఓడీని అడిగి ఉంటే మొత్తం ఆగిపోయేది.

మా మేనమామది జగిత్యాల దగ్గర ఊరు, పద్నాలుగేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చిండు. సంగతి విని మొదట అడిగిన మాట, "ఏజెంట్ లైసెన్స్ నంబర్ చూసిన్రా, ఈ-మైగ్రేట్‌ల ఉన్నదా?" అని. గల్ఫ్‌కు పోయే కూలీ మనిషి అడిగే ప్రశ్న డిగ్రీలు చదివిన మేము అడగలేదు. విదేశాల్లో ఉద్యోగానికి పంపే ఏజెంట్ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉందో లేదో తెలిసిపోతుంది, తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ కూడా గరిష్ఠంగా 30,000, దాని మీద జీఎస్టీ. జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ అని ఎవరైనా లక్షలు అడిగితే ముందు అక్కడ చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, అక్కడికి వెళ్లి అడిగితే పోయేదేం లేదు.

నిజమైన దారులు లేవా అంటే ఉన్నాయి. ఇంజినీరింగ్, సైన్స్ పిల్లలకు జర్మనీ సంస్థ డాడ్ (DAAD) ఇచ్చే స్కాలర్‌షిప్‌లు, కెనడా సంస్థ మైటాక్స్ నడిపే గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్ లాంటివి ఉన్నాయి, ఎంపికైతే వాళ్లే మనకు డబ్బు ఇస్తారు. ఐక్యరాజ్య సమితి ఇంటర్న్‌షిప్ అని ఎవరైనా ఫీజు అడిగితే అది అబద్ధమే, వాళ్లు ఏ దశలోనూ పైసా తీసుకోరు. అమెరికాకు జే-1 వీసా మీద ఇంటర్న్‌గా వెళ్లాలంటే అక్కడి విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ ఉండాలి, ఆ స్పాన్సర్ల లిస్టు అందరికీ కనిపించేలా ఉంటుంది. ఏం పని, ఏం నేర్పుతారు, సూపర్‌వైజర్ ఎవరు అన్నది డీఎస్-7002 అనే ఫారంలో రాసి సంతకాలు పెట్టాలి, ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద వలంటీరింగ్ చేయొచ్చు గానీ రిజిస్టర్డ్ చారిటీకి, మొత్తం 30 రోజులు మించకుండా. చూడండి, ప్రతి దేశానికీ ఒక పద్ధతి ఉంది. సపోర్ట్ అంటే అదీ, బాధ్యత ఎవరిదో కాగితం మీద పేరుతో సహా ఉండటం.

అందుకే డబ్బు కట్టే ముందు మీరే అక్కడి స్కూలుకో ఆసుపత్రికో ఫోన్ చేయండి, నంబర్ ఏజెంట్ ఇచ్చింది కాకుండా మీరే వెతికి పట్టుకోండి. మా అమ్మాయి పలానా తేదీన వస్తోంది, మీకు తెలుసా అని ఒక్క మాట అడగండి చాలు. మేము ఇది చేసింది మే నెలలో, అంతా అయిపోయాక. ఆ స్కూలువాళ్లు వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఓపికగా చెప్పారు, మీ ఆఫీసు పేరే మేము వినలేదని. పాలసీ రెండో పేజీ చదవండి. హెల్ప్‌లైన్ నంబర్‌కు రాత్రి పదకొండింటికి ఒకసారి చేసి చూడండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఉంటే, పాస్‌పోర్ట్ ఎవరికీ ఇవ్వొద్దని పిల్లలకు చెప్పండి, ఏదైనా తేడాగా అనిపిస్తే నేరుగా ఇండియన్ ఎంబసీకి ఫోన్ చేయించండి. ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు మోసమని తెలిసిన గంటల్లోనే 1930 సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఆపే అవకాశం ఉంటుంది, మేము ఆలస్యం చేశాం. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా రాయించాం. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. వాట్సాప్ చాట్లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆ పోస్టర్ ఫొటో, ఇన్సూరెన్స్ పీడీఎఫ్, హాస్టల్ బుకింగ్ అన్నీ ప్రింట్ తీసి పెట్టాం. చాట్లు డిలీట్ చేయొద్దు, వాళ్లు తమ వైపు మెసేజ్‌లు డిలీట్ చేయడం మొదలుపెడతారు, మాకు అదే జరిగింది.

మేము ఆఫీసులో గొడవ పడుతున్న రోజు పక్క కుర్చీలో ఒక పెద్దాయన, వాళ్లబ్బాయి కూర్చుని ఉన్నారు. పరకాల వైపు వాళ్లమని చెప్పారు. అప్పటికే మొదటి వాయిదా కట్టేశారట, అదే ఊరు, అదే స్కూలు. బయట మెట్ల దగ్గర మాట్లాడదామని ఆగితే, రిసెప్షన్ ఆమె వచ్చి వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. నంబర్ తీసుకోలేకపోయినా. పెద్దాయనా, ఇది మీ దాకా వస్తే మిగిలిన డబ్బు కట్టకండి, ముందు ఆ స్కూలుకు ఫోన్ చేయించండి.