పానగల్లు, పాత ఊరు, గుట్ట: నల్లగొండలోనే ఒక రోజు

నల్లగొండకు చుట్టాలొస్తే మనం చేసేది ఒక్కటే. పొద్దున్నే బండి మాట్లాడి నాగార్జునసాగర్‌కో, యాదగిరిగుట్టకో తోలేస్తాం. ఊళ్లో చూడటానికేముంది అంటే క్లాక్ టవర్ వైపు చెయ్యి చూపిస్తాం. ఈసారి మా చెల్లె వాళ్లు వచ్చినప్పుడు నేను పట్టుబట్టి ఊరు దాటనివ్వలేదు. రోజంతా తిరిగినా ఇంకా మిగిలింది.

మొదట టౌన్ శివారులోని పానగల్లు. బస్టాండు నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాల దారి. షేర్ ఆటో ఊరి దాకానే వస్తుంది. ఛాయా సోమేశ్వరాలయం ఊరు దాటాక పొలాల్లో ఉంటుంది కాబట్టి రానుపోను కలిపి ఆటో మాట్లాడుకోవడమే మేలు. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఎండలో నడవాల్సిందే.

ఈ గుడికి పొద్దున్నే వెళ్లండి. ఈ ప్రాంతాన్నేలిన కందూరు చోడుల కాలంలో, అంటే 11, 12 శతాబ్దాల్లో కట్టిన త్రికూటాలయం ఇది. నడుమ ఒకే మండపం, దానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు. పడమటి గుడిలో శివలింగం వెనక గోడ మీద నిటారుగా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. పొద్దు ఎటు తిరిగినా అది అక్కణ్నుంచి జరగదు. మండపంలోకి పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురు స్తంభాలకు తగిలి అలా పడుతుందని ఫిజిక్స్ చెప్పేవాళ్లు వివరిస్తారు. మా మేనల్లుడు ఒక్కో స్తంభం ముందు నిలబడి చేతులు ఊపాడు, ఏ స్తంభం నీడో తేల్చాలని. వాడి నీడ ఎక్కడా పడలేదు, ఆ నీడ చెదరలేదు. వాడు అక్కణ్నుంచి కదలనంటే మేము బయట కోనేటి గట్టు మీద కూర్చున్నాం. లోపల లైటు వేసి ఉంటే నీడ పలచబడుతుంది. కాసేపు ఆపమని అడిగితే పూజారి విసుక్కోకుండా ఆపారు.

పచ్చల సోమేశ్వరాలయం పానగల్లు ఊళ్లోనే ఉంది. నన్నడిగితే శిల్పం చూడాలనుకునేవాళ్లకు ఇదే మొదటిది. నల్లరాతి స్తంభాల మీద ఉలి పని నునుపు చూసి చెల్లె వేలితో తడిమి చూసింది. బయటి గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు వరసగా చెక్కారు. బొమ్మలు చిన్నవి, దగ్గరకు వెళ్తే తప్ప కథ అందదు. ఆవరణలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడ పెట్టారు. కానీ చెప్పేవాళ్లు లేరు. కాపలాదారు మాత్రం "చెప్పులు ఆడనే విడువుండ్రి బిడ్డా, నీడకు కూసోని సూడుండ్రి" అని ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. స్కూలు పిల్లలను తీసుకొచ్చి చూపించాల్సిన చోటు ఇది. మేమున్నంతసేపూ మరో కుటుంబం రాలేదు, అది నాకు బాధనిపించింది.

అక్కడే ఉదయసముద్రం. పేరుకు తగ్గట్టు కట్ట మీద నిలబడితే అంతా నీళ్లే. చోడుల నాటి చెరువును ఇప్పుడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌గా, అంటే వచ్చే నీళ్లను నిలవ చేసి అవసరాన్ని బట్టి వదిలే జలాశయంగా వాడుతున్నారు. సాగర్ వెనక జలాలు పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా కాలువలో ఇక్కడికి వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా మనది. నల్లగొండ ఇళ్లలో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లొస్తున్నాయంటే దానికి ఈ చెరువు ఆసరా. ఈ సంగతి పిల్లలకు కట్ట మీదే చెప్పాలి. నీడ తక్కువ, తాగునీళ్లు వెంట తెచ్చుకోండి. ఆడవాళ్లకు టాయిలెట్ ఇబ్బంది ఉంది, టౌన్‌లోనే చూసుకుని బయల్దేరడం మంచిది.

మధ్యాహ్నం ప్రకాశం బజార్. చెప్పుకోదగ్గ హోటళ్లు రోడ్ల మీదే ఉన్నాయి గానీ, గల్లీల్లో జొన్నరొట్టె, మటన్ కూర పెట్టే చిన్న మెస్‌లో తిన్నాం. పిల్లలకు కారం ఎక్కువైంది. సీజన్ అయితే బత్తాయి రసం తాగించండి, మన జిల్లా పంట కదా.

సాయంత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మను కిందే కూర్చోబెట్టాం. పైన దర్గాకు హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు. అక్కణ్నుంచి పక్క కాపురాల గుట్ట, కింద ఇళ్ల వరసలు, దూరాన పానగల్లు నీళ్లు కనబడతాయి. పొద్దున తిరిగిన చోట్లన్నీ చెల్లె వేలెత్తి చూపించుకుంది. చీకటి పడకముందే దిగిపోండి.

ఇల్లు సరిపోక చెల్లె వాళ్లకు బస్టాండు పక్కన ఒక లాడ్జిలో రూమ్ తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ రాత్రంతా హారన్లు, వేడినీళ్లు పొద్దున కాసేపే. పిల్లలతో వచ్చేవాళ్లు హైదరాబాద్ రోడ్డు వైపు కాస్త లోపలికి చూసుకుంటే నిద్ర పడుతుంది, ఆటోకు కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. రూమ్ తీసుకునే ముందు పైకెళ్లి ట్యాప్ తిప్పి చూడండి. మళ్లీ వస్తే పానగల్లులోనే ఉండే చోటు దొరుకుతుందా అని చెల్లె అడిగింది. మాకైతే అక్కడ లాడ్జి కనబడలేదు.