కోర్టు కేసు కాగితాలు స్కానింగ్ ఏజెన్సీకి ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

వ్యాపార వివాదాలు చూసే కమర్షియల్ కోర్టులో దావా వేయబోతున్న చిన్న వ్యాపారుల కోసం ఇది రాస్తున్నా. "మీ డాక్యుమెంట్లన్నీ మాకిచ్చేయండి, కోర్టుకి రెడీ చేసి ఇస్తాం" అనే ఏజెన్సీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మాకు తగిలినవాళ్ల పేరు రాయను. ఎవరి దగ్గరికి వెళ్లినా అడగాల్సినవి మాత్రం ఇవే.

మాది బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్, అకౌంట్స్ నేను చూస్తాను. ఒక కాంట్రాక్టరు సరుకు దించుకుని డబ్బు ఎగ్గొట్టాడు. సరుకు బాకీకి దావా వేయడానికి మూడేళ్లే గడువు కాబట్టి లాయరు గారు తొందరపెట్టారు. బిల్లులు, సరుకుతో పంపే చలాన్ల పుస్తకాలు, ఆఫీసు మెయిళ్లు, సూపర్‌వైజర్ ఫోన్‌లో వాట్సాప్ చాట్లు అన్నీ ఏజెన్సీకి అప్పగించాం. పేజీకి ఇంత అని రేటు, మీద జీఎస్టీ.

చేతికొచ్చిన పీడీఎఫ్‌లు చూడ్డానికి నీట్‌గానే ఉన్నాయి. లాయరు గారి జూనియర్ ఒక్కో చలాన్ తిరగేస్తూ, "సార్, కాంట్రాక్టరుకి సరుకు ముట్టినట్టు సంతకం ఏదీ?" అని అడిగింది. సైటు గేటు దగ్గర స్టోర్ కీపర్ సంతకం, రిసీవ్డ్ ముద్ర, తేదీ, లారీ నంబరు అన్నీ చలాన్ వెనక్కి తిప్పి వేస్తారు. ఏజెన్సీవాళ్లు ముందు వైపు మాత్రమే స్కాన్ చేశారు. అడిగితే, రెండు వైపులా కావాలంటే రెండు పేజీల లెక్క, ముందే చెప్పాల్సింది అన్నారు. వెనక ఏముందో చూడకుండా చలాన్ స్కాన్ చేసేవాళ్లు కోర్టు పని చేస్తామని బోర్డు ఎందుకు పెట్టుకోవాలి?

అంతకంటే పెద్ద తలనొప్పి పిన్నులతో వచ్చింది. మేం బిల్లు, దాని చలాన్, వే బిల్లు, బాకీ ఇంత ఉందని ఒప్పుకుంటూ కాంట్రాక్టరు ఇచ్చిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటరు కలిపి పిన్ను కొట్టి పెట్టుకుంటాం. మెషీన్‌లో పెట్టడానికి పిన్నులన్నీ పీకేసి, సైజుల వారీగా కట్టలు కట్టి, స్కాన్ అయ్యాక అదే వరసలో తిరిగిచ్చారు. ఏ లెటరు ఏ బిల్లుదో తెలియదు. బాకీ ఒప్పుకుంటూ గడువులోపల సంతకం పెట్టిన కాగితం ఉంటే లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది. అలాంటి లెటరు ఒకటి వేరే పార్టీ కొటేషన్ల మధ్యలో దొరికింది. పల్చటి కార్బన్ కాపీలు కొన్ని ఫీడర్‌లో ఇరుక్కుని చిరిగాయి కూడా. వాటికి సెల్లో టేపు అంటించి ఇచ్చారు, ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 2015 కమర్షియల్ కోర్టుల చట్టంతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కాగితాలు బయటపెట్టే నియమాలుండే 11వ ఆర్డర్ కమర్షియల్ కేసులకి మారిపోయింది. దావాతో పాటే మన దగ్గరున్న సంబంధిత కాగితాలన్నీ, మనకి వ్యతిరేకంగా ఉన్నవి కూడా, జాబితా వేసి ప్రమాణపూర్వకంగా ఇవ్వాలి. ఒక్కో దానికీ అది ఒరిజినలా, ఆఫీసు కాపీయా, జిరాక్సా అని రాయాలి. ఎవరి చేతుల మీదుగా ఎలా వచ్చిందో కూడా రాయాలి. దాచినదో మర్చిపోయినదో తర్వాత తెచ్చి పెట్టాలంటే కోర్టు అనుమతి, దానికి సరైన కారణం కావాలి. 2018 సవరణ తర్వాత మూడు లక్షల రూపాయల వివాదం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మా ఏజెన్సీవాళ్లు అంతా బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేశారు. నీలం ఇంకు సంతకం, కార్బన్ సంతకం ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది ఒరిజినలో తేల్చడానికి మళ్లీ కాగితాల మీదే కూర్చోవాల్సి వచ్చింది.

కంప్యూటర్ ఫైళ్ల సంగతి ఇంకో రకం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఇలాంటి ఫైళ్లతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ రెండు భాగాలు. ఏ భాగం మనం ఇచ్చేది, బి భాగం నిపుణుడు సంతకం పెట్టేది. రెండింట్లోనూ ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. మా ఏజెన్సీ కుర్రాడు ఎక్సెల్ లెడ్జర్లు తెరిచి, కాలమ్ వెడల్పులు సర్ది, సేవ్ కొట్టి, ఆ తర్వాత హ్యాష్ తీశాడు! మా కంప్యూటర్‌లో ఉన్న ఫైల్‌కీ వాళ్ల జాబితాకీ పొంతన లేదు. మెయిళ్లు ప్రింటు తీసి పీడీఎఫ్ చేశారు, అటాచ్‌మెంట్లు ఎగిరిపోయాయి. పర్చేజ్ ఆర్డర్ వచ్చిందే అటాచ్‌మెంట్‌గా. వాట్సాప్ చాట్ మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేశారు, సైటులో సరుకు దించిన ఫోటోలు లేవు. ఫోన్ మార్చలేదు కాబట్టి బతికిపోయాం. బి భాగం మీద సంతకం పెట్టేది ఎవరని అడిగితే, అది మా ప్యాకేజీలో రాదండీ అన్నారు.

ఇంకోటి. జీతాల షీట్‌లో బ్యాంకు అకౌంట్ నంబర్లు కనిపించకుండా చేయమంటే పైన నల్ల డబ్బాలు గీశారు. మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ చేస్తే నంబర్లన్నీ బయటికొస్తున్నాయి. 2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మనాఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పీడీఎఫ్‌లో ఇలాగే దాచిన వాక్యాలు బయటపడి ప్రపంచమంతా చదివింది.

డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వలేదు. కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్దామంటే, వ్యాపార అవసరానికి తీసుకున్న సర్వీసు కాబట్టి మీరు 'వినియోగదారు' కాదని అవతలివాళ్లు మొదటి రోజే అంటారు, కష్టం అన్నారు లాయరు గారు. కాబట్టి ఏం కావాలో వర్క్ ఆర్డర్‌లోనే రాయించుకోండి: రెండు వైపులా, రంగుల్లో, పిన్ను కట్ట విడిపోకుండా, పల్చటి కాగితాలు ఫ్లాట్‌బెడ్ (కాగితాన్ని అద్దం మీద పరిచి తీసే స్కానర్) మీద. ఫైళ్లు తెరవకముందే మీ ఎదురుగా హ్యాష్ తీయాలి. మెయిళ్లు అటాచ్‌మెంట్లతో సహా అసలు ఫార్మాట్‌లోనే ఉండాలి. బి భాగం ఎవరిస్తారో పేరుతో సహా ఉండాలి. ముందు ఒక్క బాక్స్ ఇచ్చి, వచ్చింది మీ లాయరుకి చూపించాకే మిగతావి పంపండి.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఉంటే, ఆఖరి పేమెంట్ ఆపండి. మీ ఒరిజినల్స్ కట్ట కట్టగా లెక్కపెట్టి, చిరిగినవి వేరే రాయించి, వాళ్ల సంతకం తీసుకున్నాకే ఆ డబ్బు ఇవ్వండి.